జిమ్మీ పీటర్స్‌ను ఆపిన రెండు రూళ్ళు

1906 మార్చి 17న ఎడిన్‌బరోలోని ఇన్వర్‌లీత్ మైదానంలో ఇంగ్లండ్ రగ్బీ జట్టు స్కాట్లండ్‌ను 9–3తో ఓడించింది. 1903 నుంచి వరసగా మూడేళ్ళు స్కాట్లండ్ చేతిలో దెబ్బతింటూ వచ్చిన జట్టుకు అది పెద్ద ఊరట. ఐదు రోజుల తర్వాత పారిస్‌లో ఫ్రాన్స్‌ను 35–8తో చిత్తు చేసింది. ఈ రెండు మ్యాచ్‌ల్లోనూ ఇంగ్లండ్‌కు హాఫ్‌బ్యాక్‌గా ఆడినవాడు జేమ్స్ పీటర్స్. అందరికీ జిమ్మీ. పారిస్‌లో ఒక ట్రై (ఎదుటివాళ్ళ గీత దాటి బంతిని నేలకు ఆనించడం) కూడా చేశాడు. అదే ఏడాది డిసెంబర్ 8న లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లో దక్షిణాఫ్రికాతో మ్యాచ్ జరిగింది. జట్టులో పీటర్స్ లేడు. 1907 వచ్చేసరికి మళ్ళీ ఐర్లండ్ మీద, స్కాట్లండ్ మీద ఆడాడు. అంటే ఆటగాడిగా పనికిరాకుండా పోలేదన్నమాట.

ఇంగ్లండ్‌కు రగ్బీ ఆడిన మొదటి నల్లజాతి ఆటగాడు పీటర్స్. డిసెంబర్‌లో వచ్చింది అంతా తెల్లవాళ్ళే ఉన్న దక్షిణాఫ్రికా జట్టు. ఈ రెండు సంగతులూ పక్కపక్కన పెడితే ఏం జరిగిందో వేరే చెప్పక్కర్లేదు. కానీ పీటర్స్ కథ అక్కడితో ఆపేస్తే సగమే చెప్పినట్టు. 1912లో అతన్ని రగ్బీ యూనియన్ నుంచే, అంటే ఇంగ్లండ్‌లో ఆ ఆటను నడిపే సంఘం నుంచే బయటికి నెట్టారు. అప్పుడు చెప్పిన కారణం రంగు కాదు, డబ్బు. మొదటిసారి అతన్ని ఆపిన రూలు ఏ పుస్తకంలోనూ లేదు. రెండోసారి ఆపిన రూలు పుస్తకంలో అక్షరాలా ఉంది. ఒకటి జాతివివక్ష చరిత్రలో, మరొకటి రగ్బీ పాలన చరిత్రలో విడివిడిగా చెప్పడం మామూలు. రెండింటినీ ఒకే మనిషి మోసినప్పుడు విడదీసి చెప్పడంలో అర్థం లేదని నా అభిప్రాయం. ఎందుకంటే ఆ రెండు రూళ్ళూ కొందరి కోసం వంగాయి. ఇతని కోసం ఏదీ వంగలేదు.

సర్కస్ వదిలేసిన పిల్లాడు

పీటర్స్ 1879 ఆగస్టు 7న మాంచెస్టర్ పక్కనున్న సాల్ఫర్డ్‌లో పుట్టాడు. తండ్రి జార్జ్ జమైకా మనిషి, సర్కస్‌లో సింహాలను ఆడించేవాడు. తల్లి హన్నా ష్రాప్‌షైర్‌లోని వెమ్ అనే చిన్న ఊరి ఆడపడుచు. సింహాలకు తర్ఫీదు ఇస్తుండగా బోనులోనే వాటి పాలబడి తండ్రి చనిపోయాడు. పిల్లాణ్ణి సాకలేక తల్లి మరో సర్కస్ వాళ్ళకు అప్పజెప్పింది. అక్కడ జీను లేని గుర్రాల మీద ఫీట్లు చేసేవాడు. పదకొండేళ్ళప్పుడు చెయ్యి విరిగింది. చెయ్యి విరిగిన పిల్లాడితో సర్కస్‌కు పనేముంటుంది? వదిలేసి వెళ్ళిపోయారు.

అలా లండన్ చేరి, సదర్క్‌లోని ఫెగన్ అనాథాశ్రమంలో కొంతకాలం, తర్వాత గ్రీనిచ్‌లోని లిటిల్ వాండరర్స్ హోమ్‌లో పెరిగాడు. ఆటలు అబ్బింది అక్కడే. పరుగుపందేలు, లాంగ్ జంప్, హైజంప్ దేనిలో దిగినా ముందుండేవాడు. ఆశ్రమం జట్లకు కెప్టెన్ అయ్యాడు. ఏదో ఒక చేతిపని నేర్పి పిల్లల్ని బయటికి పంపడం ఆ ఆశ్రమాల పద్ధతి. పీటర్స్ మొదట ప్రింటింగ్ పని, తర్వాత వడ్రంగం నేర్చుకున్నాడు. చివరిదాకా అతనికి అన్నం పెట్టింది ఆ వడ్రంగమే. అతని రగ్బీ జీవితంలో తర్వాత వచ్చిన చిక్కులకు మూలం కూడా అక్కడే ఉంది.

1898లో పని వెతుక్కుంటూ బ్రిస్టల్ వెళ్ళాడు. అక్కడ నోల్ అనే చిన్న క్లబ్బులో ఆడి, 1900లో బ్రిస్టల్ క్లబ్బు మొదటి జట్టులోకి వచ్చాడు. అతన్ని తీసుకున్నందుకు నిరసనగా క్లబ్బు కమిటీ సభ్యుడొకడు రాజీనామా చేశాడు. తెల్లవాడికి రావాల్సిన చోటును నల్లవాడు ఆక్రమిస్తున్నాడని స్థానిక పత్రికలో రాతలు వచ్చాయి. అయినా క్లబ్బు వెనక్కి తగ్గలేదు. 1902 వరకూ అక్కడే ఆడాడు. బ్రిస్టల్ వాళ్ళను తిట్టేటప్పుడు ఈ మాట కూడా కలిపి చెప్పాలి. ఒకడు వెళ్ళిపోయాడు, మిగతా కమిటీ అతన్ని ఆడించింది.

1902లో పీటర్స్ ప్లిమత్ చేరాడు. నౌకాదళం డాక్‌యార్డులో వడ్రంగి పని దొరికింది. అక్కడి ప్లిమత్ క్లబ్బు, డెవన్ కౌంటీ జట్టు అతనికి ఇల్లయ్యాయి.

హాఫ్‌బ్యాక్ పని

రగ్బీలో జట్టుకు పదిహేనుమంది. బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తవచ్చు. కానీ పక్కవాడికి అందించాలంటే వెనక్కే విసరాలి, ముందుకు విసిరితే తప్పు. ఎదుటివాళ్ళ గీత దాటి బంతిని నేలకు ఆనిస్తే ట్రై. అప్పట్లో ట్రైకి మూడు పాయింట్లే. చిన్న తప్పులతో ఆట ఆగినప్పుడు రెండు పక్షాల ఫార్వర్డ్‌లు తలలు వంచి భుజాలు కలిపి ఒకరినొకరు నెట్టుకుంటారు, దాన్ని స్క్రమ్ అంటారు. బంతి ఆ కాళ్ళ మధ్యలోంచి వెనక్కి బయటపడుతుంది.

ఆ బయటపడే చోట నిలబడేవాళ్ళు హాఫ్‌బ్యాక్‌లు. ఒకడు స్క్రమ్‌ను అంటుకునే ఉండి బంతి తీసి విసురుతాడు. రెండోవాడు కాస్త ఎడంగా నిలబడి అందుకుంటాడు. ఈ రెండోవాడికి ఒక్క క్షణం మించి టైముండదు. అవతలివాళ్ళు అప్పటికే అతని మీదకు ఉరుకుతుంటారు. ఆ క్షణంలోనే పాస్ ఇవ్వాలా, కాలితో కొట్టాలా, సందులోంచి దూరాలా అన్నది తేల్చుకోవాలి. ఇది బలం కంటే చేతివాటం మీద, కంటిచూపు మీద నడిచే పని. తడిసి బరువెక్కిన తోలుబంతిని పరుగులో రెండు చేతులా పట్టి, తలెత్తకుండానే పక్కవాడి ఛాతీ ఎత్తుకు విసరగలగాలి. పీటర్స్‌కు పేరొచ్చింది సరిగ్గా దీనికే. డెవన్‌లో అతని జోడీ రాఫెల్ జాగో. జాగో బంతి తీసివ్వడం, పీటర్స్ అందుకుని ఆట నడిపించడం. 1906లో డెవన్ కౌంటీ చాంపియన్ అయింది. ఇంగ్లండ్‌కు పీటర్స్‌ను ఎందుకు తీసుకోరని పత్రికల్లో అడగడం మొదలైంది.

ఎడిన్‌బరో మ్యాచ్‌కు పిలుపు వచ్చింది. అతని ఎంపిక జాతి కారణంగా చాలామందికి మింగుడుపడలేదని యార్క్‌షైర్ పోస్ట్ పత్రిక నేరుగానే రాసింది. మ్యాచ్ అయ్యాక స్పోర్ట్స్‌మన్ పత్రిక అతని రంగును ప్రస్తావిస్తూనే పాసింగ్‌ను మెచ్చుకుంది. ఆ రోజుల్లో మెచ్చుకోలు కూడా ఒంటి రంగు చెప్పకుండా రాలేదు.

ఆ మ్యాచ్‌లో గెలిచినవాళ్ళకు ఇచ్చే కప్పు గురించి ఒక్క మాట. దాని పేరు కలకత్తా కప్. 1870ల్లో కలకత్తాలో బ్రిటిష్‌వాళ్ళు పెట్టుకున్న రగ్బీ క్లబ్బు మూతపడేటప్పుడు, బ్యాంకులో మిగిలిన వెండి రూపాయలు తీసి కరిగించి చేయించిన కప్పు అది. పిడులు మూడు, మూడూ నాగుపాములు. మూత మీద అంబారీ మోస్తున్న ఏనుగు. 1879 నుంచి ఇంగ్లండ్, స్కాట్లండ్ దానికోసం తలపడుతున్నాయి. జమైకా మనిషి కొడుకు ఇంగ్లండ్ చొక్కా వేసుకున్న మొదటి రోజున గెలిచింది మన రూపాయల వెండిని. సామ్రాజ్యం ఎంత దూరాల నుంచి ఎవరెవర్ని, ఏమేమిటిని తెచ్చి ఒక్క చోట పోసిందో ఆ మైదానంలో కళ్ళకు కట్టినట్టు కనిపిస్తుంది.

రాయని రూలు

అదే ఏడాది చలికాలంలో దక్షిణాఫ్రికా జట్టు మొదటిసారి బ్రిటన్ పర్యటనకు వచ్చింది. కెప్టెన్ పాల్ రూస్. స్ప్రింగ్‌బాక్స్ అనే పేరు స్థిరపడింది ఈ పర్యటనలోనే. అక్టోబర్ 17న డెవన్‌పోర్ట్‌లో డెవన్ జట్టుతో మ్యాచ్. డెవన్ తరఫున పీటర్స్ ఉన్నాడు. అవతలి జట్టులో నల్లవాడున్నాడని తెలిసి స్ప్రింగ్‌బాక్స్ మైదానంలోకి రామని మొరాయించారు. బయట వేలమంది జనం ఎదురుచూస్తున్నారు. దక్షిణాఫ్రికా తరఫు అధికారి నచ్చజెప్పాకే దిగారని చెబుతారు. మ్యాచ్‌లో 22–6తో గెలిచారు కూడా.

అక్కడ జనం ముందు మాట పోతుందని ఆడారు. ఇంగ్లండ్‌తో టెస్టుకు అలాంటి ఇబ్బంది తలెత్తకుండా ముందే చూసుకున్నారు. చూసుకున్నది దక్షిణాఫ్రికా వాళ్ళు కాదు, ఇంగ్లండ్ సెలెక్టర్లు. నల్లవాణ్ణి ఆడించకూడదని తీర్మానం లేదు, ఫలానా కారణంగా తప్పించామన్న ప్రకటన లేదు. పేర్లు వచ్చాయి, అందులో ఇతని పేరు లేదు. జోడీలో రెండోవాడైన జాగోకు మాత్రం చోటు దొరికింది.

దీన్ని దక్షిణాఫ్రికా వర్ణవివక్ష అని ఒక్క ముక్కలో తేల్చేస్తే కాలం లెక్క తప్పుతుంది. అపార్తీడ్ పేరుతో చట్టాలు వచ్చింది 1948 తర్వాత. 1906లో దక్షిణాఫ్రికా అనే దేశమే లేదు. నాలుగు వేర్వేరు వలసలు 1910లో కలిశాకే ఒక దేశమైంది. మరి ఇంగ్లండ్ ఎవరికి భయపడినట్టు?

భయం కాదు, అవసరం. దక్షిణాఫ్రికాలో స్థిరపడిన డచ్ మూలాల తెల్లవాళ్ళు బోయర్లు. వాళ్ళతో బ్రిటన్ చేసిన బోయర్ యుద్ధం ముగిసింది 1902లో. ఆ యుద్ధంలో బ్రిటిష్ సైన్యం బోయర్ల పొలాలు తగలబెట్టింది, ఆడవాళ్ళను, పిల్లల్ని నిర్బంధ శిబిరాల్లో పెట్టింది. అంత పగ మిగిలిన చోట పెత్తనం నిలవాలంటే బోయర్లను మంచి చేసుకోక తప్పదు. యుద్ధాన్ని ముగించిన వెరీనిగింగ్ సంధిలోనే ఒక షరతు పెట్టారు. స్వయంపాలన వచ్చేదాకా నల్లవాళ్ళకు ఓటు అనే మాట ఎత్తకూడదని. స్వయంపాలన వచ్చాక ఆ నిర్ణయం తెల్లవాళ్ళ చేతిలోనే ఉంటుంది కాబట్టి ఎప్పటికీ ఇవ్వకపోయినా అడిగేవాడుండడు. బోయర్ల ప్రాంతమైన ట్రాన్స్‌వాల్‌కు ఆ స్వయంపాలన ఇస్తూ లండన్ పత్రాలు జారీ చేసిన తేదీ 1906 డిసెంబర్ 6. క్రిస్టల్ ప్యాలెస్ మ్యాచ్‌కు సరిగ్గా రెండు రోజుల ముందు.

సెలెక్టర్లు ఆ పత్రాలు చదివి జట్టును ఎంచుకున్నారని నేననడం లేదు. కానీ గాలి ఎటు వీస్తోందో వాళ్ళకు తెలుసు. బోయర్లు, ఇంగ్లిష్ మూలాలున్నవాళ్ళు ఒకే జట్టుగా రావడమే ఆ పర్యటనకు పెద్ద విశేషం. పాత శత్రువులు కలిశారని బ్రిటన్ పత్రికలు మురిసిపోతున్నాయి. తెల్లవాళ్ళు తెల్లవాళ్ళు రాజీపడే చోట నల్లవాణ్ణి తెచ్చి పెట్టడం ఎవరికీ ఇష్టం లేదు. రాజీ ఖర్చు అక్కడ ఆఫ్రికా ప్రజలు కట్టారు. ఇక్కడ ప్లిమత్ వడ్రంగి కట్టాడు.

ఇంకో సంగతి నన్ను మరీ బాధపెడుతుంది. ఆ మ్యాచ్ 3–3తో డ్రా అయింది. ఇంగ్లండ్‌కు వచ్చిన ఒకే ఒక్క ట్రై చేసినవాడు ఫ్రెడ్డీ బ్రూక్స్. పుట్టింది బొంబాయిలో, స్థిరపడింది రొడీషియాలో (ఇప్పటి జింబాబ్వే). ఇంగ్లండ్‌కు ఆడిన మ్యాచ్ ఆ ఒక్కటే. అతని అర్హతను ఎవరూ ప్రశ్నించలేదు, ప్రశ్నించాల్సిన పనీ లేదు. నిబంధనల ప్రకారం సరిపోయింది. కానీ ఆఫ్రికాలో కాపురమున్నవాడు దక్షిణాఫ్రికా మీద ఇంగ్లండ్ తరఫున ఆడితే ఎవరికీ ఎబ్బెట్టు అనిపించలేదు. సాల్ఫర్డ్‌లో పుట్టి, లండన్‌లో పెరిగి, ఇంగ్లండ్ నౌకాదళం డాక్‌యార్డులో పనిచేస్తున్నవాడు ఆడితే ఎబ్బెట్టు అయింది.

రాయని రూలుకు ఉండే బలం ఇదే. రాసి ఉంటే అప్పీలు చేయొచ్చు, మార్చమని ఓటు అడగొచ్చు, కనీసం ఎవరు రాశారో నిలదీయొచ్చు. ఇక్కడ అడగడానికి మనిషే దొరకడు. జట్టు కూర్పు కోసం తీశామంటే ఆటగాడు నోరు మూసుకోవాల్సిందే.

క్రికెట్‌లో ఇలాంటిది మనకు దగ్గరగా తెలుసు. 1896లో ఆస్ట్రేలియా మీద లార్డ్స్ టెస్టుకు రంజిత్‌సింహ్‌జీని తీసుకోలేదు. ఆ రోజుల్లో ఏ మైదానంలో టెస్టు జరిగితే ఆ మైదానం కమిటీయే జట్టును ఎంచేది కాబట్టి, ఓల్డ్ ట్రాఫర్డ్‌లో లాంకషైర్ వాళ్ళు తీసుకున్నారు. అక్కడ 62, 154 నాటౌట్ కొట్టాక ఇక మాట్లాడేవాళ్ళు లేకపోయారు. అతని సోదరుడి కొడుకు దులీప్‌సింహ్‌జీ 1929లో దక్షిణాఫ్రికా మీద మొదటి టెస్టు ఆడాడు, తర్వాత ఆ సిరీస్‌లో మళ్ళీ కనిపించలేదు. వాళ్ళ పేర్ల మీద మన దేశంలో ట్రోఫీలున్నాయి. కేంబ్రిడ్జ్‌లో చదివిన రాజకుటుంబీకులకే అలా జరిగిందంటే, అనాథాశ్రమం నుంచి వచ్చిన వడ్రంగి గొంతు ఎక్కడ వినిపిస్తుంది? తేడా కూడా గమనించాలి. రంజీకి ఒక తలుపు మూస్తే ఇంకో తలుపు తీసిన కమిటీ ఉంది. పీటర్స్ విషయంలో సెలెక్టర్ల కమిటీ ఒక్కటే.

దక్షిణాఫ్రికాతో ఆడాలంటే నల్లవాళ్ళను ఇంట్లో వదిలి వెళ్ళాలనే అలవాటు తర్వాత రగ్బీ అంతటా పాకింది. 1919లో న్యూజిలాండ్ సైనిక జట్టు దక్షిణాఫ్రికా వెళితే వెస్టిండీస్ మూలాలున్న నథానియల్ విల్సన్‌ను డర్బన్‌లో ఓడ దిగనివ్వలేదు. అతని ముద్దుపేరు రంజీ, మన రంజిత్‌సింహ్‌జీని గుర్తుచేస్తాడని పెట్టిన పేరు. 1928లో జార్జ్ నెపియా అనే మావోరీ (న్యూజిలాండ్ మూలవాసి) ఆటగాణ్ణి న్యూజిలాండ్ తీసుకెళ్ళలేదు. 1960లో కూడా మావోరీలు లేకుండానే వెళ్ళారు. కాకపోతే అప్పటికి మావోరీలు లేకపోతే టూరే వద్దని న్యూజిలాండ్ జనం వీధుల్లోకి వచ్చారు. 1906లో పీటర్స్ కోసం వీధిలోకి వచ్చినవాళ్ళు లేరు.

రాసిన రూలు

ఇక డబ్బు సంగతి. ఇది అర్థం కావాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

ఇంగ్లండ్ రగ్బీ ఫుట్‌బాల్ యూనియన్ 1871లో ఏర్పడింది. పెట్టినవాళ్ళు లండన్ చుట్టుపక్కల క్లబ్బులవాళ్ళు, ఎక్కువమంది పెద్ద ఫీజుల ప్రైవేటు స్కూళ్ళలో చదివినవాళ్ళు. వాళ్ళకు ఆట సరదా. తర్వాతి ఇరవై ఏళ్ళలో ఆట ఉత్తరాది మిల్లుల్లోకి, గనుల్లోకి వెళ్ళింది. అక్కడ శనివారం పూట పని మానేసి మ్యాచ్‌కు వెళితే ఆ రోజు కూలి పోతుంది. గేటు దగ్గర టిక్కెట్ల డబ్బు వేలల్లో వసూలవుతోంది. ఆడేవాడి ఇంట్లో మాత్రం ఆ వారం సరుకులకు కటకట. పోయిన కూలి వరకైనా ఇప్పించండని యార్క్‌షైర్ క్లబ్బులు అడిగాయి. 1893 సర్వసభ్య సమావేశంలో ఆ ప్రతిపాదన 282–136 ఓట్లతో వీగిపోయింది. జీతం అడగలేదు, బహుమతి అడగలేదు. నష్టపోయిన కూలి అడిగారు.

1895 ఆగస్టు 29న హడర్స్‌ఫీల్డ్‌లోని జార్జ్ హోటల్‌లో ఉత్తరాది క్లబ్బులు సమావేశమై వేరుకుంపటి పెట్టుకున్నాయి. అదే నార్తర్న్ యూనియన్, తర్వాత్తర్వాత రగ్బీ లీగ్ అయింది. పోయిన కూలి కింద రోజుకు ఆరు షిల్లింగుల వరకు ఇవ్వొచ్చన్నారు. కోపం కొద్దీ పాత యూనియన్ నిబంధనలు ఇంకా బిగించింది. ఆట కోసం పైసా తీసుకున్నా వెలి. తీసుకోకపోయినా నార్తర్న్ యూనియన్ వాళ్ళతో ఆడితే వెలి. ఒకసారి ఆ గడప తొక్కినవాడికి తిరిగి రావడం ఉండదు. ఖాళీ సమయం, ఆస్తి ఉన్నవాడికి ఈ రూలు పాటించడానికి ఖర్చేమీ కాదు. కూలిపని చేసేవాడికి ప్రతి శనివారం ఖర్చే. రూలు అందరికీ ఒకటే, కాని దాని బరువు అందరికీ ఒకటి కాదు.

సరే, రూలంటే రూలే అనుకుందాం. అయితే అదే కాలంలో అది ఎలా వంగిందో చూడండి. వేల్స్‌లో ఆర్థర్ గౌల్డ్ అనే మహా ఆటగాడుండేవాడు. న్యూపోర్ట్ క్లబ్బు, సెంటర్ స్థానం. వేల్స్‌కు 27 మ్యాచ్‌లు ఆడి, అందులో 18 మ్యాచ్‌లకు నాయకత్వం వహించాడు. అతని గౌరవార్థం జనం చందాలు వేసుకుని 1897లో ఒక ఇల్లు బహూకరించారు. ఆ చందాలో వేల్స్ రగ్బీ సంఘమే చెయ్యి వేసింది. ఇది డబ్బు ముట్టినట్టేనని అంతర్జాతీయ రగ్బీ బోర్డు అడ్డు చెప్పింది. వేల్స్ ఏకంగా ఆ బోర్డు నుంచే తప్పుకుంది. స్కాట్లండ్ 1897లో, 1898లో వేల్స్‌తో ఆడనేలేదు. ఇంగ్లండ్ యూనియన్ మాత్రం 1897 శరదృతువులో కూర్చుని, ఇది అసాధారణ పరిస్థితి కాబట్టి గౌల్డ్‌తో ఆడినవాళ్ళకు శిక్ష ఉండదని తేల్చింది. వేల్స్ క్లబ్బులతో మ్యాచ్‌లు పోతే ఇంగ్లండ్ క్లబ్బుల గేటు వసూళ్ళు పడిపోతాయన్నది అందరికీ తెలిసిన రహస్యం. చివరికి గౌల్డ్ ఇక వేల్స్‌కు ఆడడన్న ఒప్పందం మీద 1898లో వేల్స్ తిరిగి బోర్డులోకి వచ్చింది. ఇల్లు గౌల్డ్‌కే మిగిలింది. నాకు గౌల్డ్ మీద కోపమేమీ లేదు. జనం ప్రేమతో ఇచ్చింది తీసుకున్నాడు. కానీ కూలి అడిగిన మిల్లు కార్మికుడు వెలివేతకు పోయాడు, ఇల్లు తీసుకున్న కథానాయకుడు గౌరవంగా రిటైరయ్యాడు.

ఇప్పుడు ప్లిమత్ రండి. పీటర్స్ 1908 జనవరి 18న బ్రిస్టల్‌లో, దట్టమైన పొగమంచులో వేల్స్ మీద ఇంగ్లండ్‌కు తన చివరి మ్యాచ్ ఆడాడు. వేల్స్ 28–18తో గెలిచింది. తర్వాత డెవన్‌కు, ప్లిమత్‌కు ఆడుతూనే ఉన్నాడు. 1910లో డాక్‌యార్డులో పనిచేస్తుండగా ప్రమాదంలో మూడు వేళ్ళు తెగిపోయాయి. హాఫ్‌బ్యాక్‌కు వేళ్ళంటే ఏమిటో పైన చెప్పాను. వడ్రంగికి వేళ్ళంటే ఏమిటో చెప్పాల్సిన పని లేదు. అతనికి అన్నం పెట్టే పనీ, పేరు తెచ్చిన ఆటా రెండూ ఒకే చేతుల మీద ఉన్నాయి. ఇక ఆడడనుకున్నారంతా. అతను మళ్ళీ మైదానంలోకి వచ్చాడు. మిగిలిన వేళ్ళతో పట్టడం, విసరడం కొత్తగా అలవాటు చేసుకుని ఇంకో రెండేళ్ళు ఆడాడు. ఎడిన్‌బరో గెలుపు కంటే ఇదే అతని జీవితంలో గొప్ప ఘట్టమని నేననుకుంటాను. కాకపోతే దీన్ని కొలవడానికి స్కోరు లేదు.

ఆ సమయానికి డెవన్‌లో నార్తర్న్ యూనియన్ ఆట పాదు వేసుకోవాలని చూస్తోంది. అది డాక్‌యార్డు కూలీలు, రైల్వే పనివాళ్ళు ఆడే ప్రాంతం. ఉత్తరాదిలో ఏ కారణంతో చీలిక వచ్చిందో అదే కారణం ఇక్కడా ఉంది. క్లబ్బులు ఆటగాళ్ళకు డబ్బు ఇస్తున్నాయని ఫిర్యాదులు వెళ్ళాయి. యూనియన్ విచారణ జరిపి 1912లో క్లబ్బులపై, ఆటగాళ్ళపై వేటు వేసింది. ఆ జాబితాలో పీటర్స్ ఉన్నాడు. అతని వయసు అప్పటికి ముప్పైమూడు.

అతను డబ్బు తీసుకుని ఉంటే తప్పేనా? రూలు ప్రకారం తప్పే. పదేళ్ళు కౌంటీకి, అందులో రెండేళ్ళు దేశానికి ఆడి, పనిలో వేళ్ళు పోగొట్టుకున్న వడ్రంగి, తాను ఆడుతుంటే చూడడానికి జనం కట్టిన డబ్బులో కొంత ముట్టుకున్నాడంటే అందులో నాకు నేరం కనపడదు. అతని కోసం ప్రత్యేక సమావేశం పెట్టి, ఇది అసాధారణ పరిస్థితి అని తీర్మానించిన పెద్దమనిషి ఒక్కడూ లేడు. పరిస్థితి మాత్రం అసాధారణమైనదే.

యూనియన్ గేటు మూశాక పీటర్స్ 1913లో ఉత్తరానికి వెళ్ళి బారో క్లబ్బులో చేరాడు. ఆ తర్వాత సెయింట్ హెలెన్స్. పుట్టిన లాంకషైర్‌లోనే, ఈసారి దాపరికం లేకుండా డబ్బు తీసుకుని ఆడాడు. అయితే అతను ఉచ్చదశలో ఉన్నప్పుడు నార్తర్న్ యూనియన్ చూడలేదు. వయసు మళ్ళాక వచ్చిన ఆటగాణ్ణే చూసింది. 1914లో ఆట మానేశాడు. తర్వాత మళ్ళీ ప్లిమత్, మళ్ళీ వడ్రంగం. 1954 మార్చి 26న అక్కడే చనిపోయాడు.

అయిదు మ్యాచ్‌లను ఎలా చదవాలి

రికార్డుల్లో అతని పేరు పక్కన ఇంగ్లండ్‌కు అయిదు మ్యాచ్‌లని ఉంటుంది. ఆ అంకె చూసి ఓ మోస్తరు ఆటగాడనుకునే ప్రమాదముంది. అతను మొదటి మ్యాచ్ ఆడిన రోజు నుంచి చివరి మ్యాచ్ దాకా ఇంగ్లండ్ ఆడింది తొమ్మిదే. అందులో అయిదింట్లో ఉన్నాడు. తప్పిన నాలుగింట్లో మూడు మామూలు ఎంపిక వ్యవహారాలే కావచ్చు. అప్పటి సెలెక్టర్లు హాఫ్‌బ్యాక్‌లను తరచూ మార్చేవారు, ఆడ్రియన్ స్టూప్ లాంటి గట్టి పోటీదారు కూడా ఉన్నాడు. పీటర్స్ ప్రతిదానికీ అర్హుడే, ప్రతిసారీ రంగు చూసే తీశారని నేను వాదించను. అలా వాదిస్తే అతని ఆటను అంచనా వేయడం మానేసినట్టే. దక్షిణాఫ్రికా మ్యాచ్ మాత్రం ఆ లెక్కలోకి రాదు.

రాయని రూలును ఇంగ్లండ్‌లో ఎవరూ రద్దు చేయలేదు, రద్దు చేయడానికి అది కాగితం మీద ఉంటేగా. పీటర్స్ తర్వాత ఇంగ్లండ్ రగ్బీ జట్టులోకి మరో నల్లజాతి ఆటగాడు రావడానికి 80 ఏళ్ళు పట్టింది. 1988లో వచ్చిన ఆ ఆటగాడు క్రిస్ ఓటీ. తొలి మ్యాచ్ ఆడిన నెలలోనే ఐర్లండ్ మీద మూడు ట్రైలు చేశాడు. రాసిన రూలును 1995 ఆగస్టులో అంతర్జాతీయ బోర్డు కొట్టేసింది, జార్జ్ హోటల్ సమావేశం జరిగిన సరిగ్గా నూరేళ్ళకు. అప్పటి నుంచి రగ్బీ యూనియన్ ఆటగాళ్ళు బహిరంగంగా జీతాలు తీసుకుంటున్నారు.